ఆదిబాబు రాయని మాట

ఆదివారం పోలరాజుకి షిఫ్టు లేదు. అయినా తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, ట్రాన్సిస్టరు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. భార్య తవిటమ్మ పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టి, మూత చప్పుడు కాకుండా చీర కొంగుతో పట్టుకుని దించింది. కూతురు పద్మకుమారి చాప మీద కూర్చుని, తండ్రి విసిరే మాటల్ని పెన్సిలుతో గబగబా రాసుకుంటోంది.

"శరణార్థులు కోటిమందికి దగ్గరైపోనారట," అన్నాడు పోలరాజు వార్తలు అయిపోగానే. "రాసినావా?"

"లిఖ్ లియా నాన్నా," అంది పద్మ.

పోలరాజు టాటానగర్ ఉక్కు కంపెనీలో క్రేన్ ఆపరేటరు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది గానీ అక్షరాల మీద మోజు తగ్గలేదు. మూడేళ్ళ కిందట తాము ఉండే బస్తీ, భుయ్యాడీహ్‌లో కిరాణా కొట్టు పక్కన ఒక చెక్కబల్ల నిలబెట్టి, వారం వారం ఒక గోడపత్రిక అంటించడం మొదలుపెట్టాడు. దానికి 'సువర్ణరేఖ' అని పేరు పెట్టాడు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ వాళ్ళకి హిందీ మాట వచ్చు, హిందీ అక్షరం రాదు. వాళ్ళకి లోకం సంగతి తెలిసేది ఆ బల్ల దగ్గరే. పోలరాజు చెప్పేవాడు, పద్మ గుండ్రని అక్షరాలతో రాసేది. రేషన్లో పంచదార ఎప్పుడు ఇస్తారో, ఎవరింట్లో పెళ్ళో, నదిలో నీళ్ళు ఎంత పెరిగాయో, అవే మొదట్లో వార్తలు.

ఈ వేసవి నుంచి మాత్రం ఒకటే వార్త. తూర్పు బెంగాలు నుంచి ప్రాణాలు చేతబట్టుకుని వస్తున్న జనం. జూన్‌లో ఏదో పని మీద హౌరా వెళ్ళినప్పుడు పోలరాజు వాళ్ళని కళ్ళారా చూశాడు. ప్లాట్‌ఫారం మీద ఒక ముసలాయన చంకలో పసిబిడ్డతో నీళ్ళు అడిగాడు. ఇస్తే తను తాగకుండా కొంచెం కొంచెంగా బిడ్డ నోట్లో పోసి, అంతా అయ్యాక గ్లాసు వంచి చూసుకుని, నవ్వి తిరిగి ఇచ్చేశాడు. ఇంటికొచ్చిన రోజు పోలరాజు అన్నం తినలేదు. ఆ వారం నుంచి పత్రికలో ఎర్ర సిరా ఎక్కువైంది. 'ఇంకెన్నాళ్ళీ మాటలు?', 'సైన్యం ఎప్పుడు కదులుతుంది?' అని పెద్ద పెద్ద శీర్షికలు వచ్చాయి.

కిందటి ఆదివారం అన్నిటికంటే పెద్ద శీర్షిక పడింది. 'సరిహద్దు నుంచి మన ఆదిబాబు గర్జన!' ఆదిబాబు తవిటమ్మ తమ్ముడు. సైన్యంలో సిపాయి. వాడు రాసిన ఉత్తరాన్ని పోలరాజు భార్యకి చదివి వినిపించి, పత్రికలోకీ ఎక్కించాడు. అందులో రెండు వాక్యాలు బస్తీ అంతా కంఠస్థం చేసింది. 'ఆజ్ఞ ఎప్పుడు వస్తుందా అని మా రక్తం ఉడికిపోతోంది. యుద్ధం లేని రోజు మాకు ముద్ద దిగడం లేదు.'

దాంతో తెలుగు సంఘం వాళ్ళు ఈ సాయంత్రం సభ పెట్టారు. ఆఫీసర్లుండే కద్మా పేట నుంచి ఇంజనీరు వీరరాఘవులు గారు అధ్యక్షులుగా వస్తున్నారు. ఆ ఉత్తరాన్ని మైకులో చదవాలి, తవిటమ్మని వేదిక మీద కూర్చోబెట్టి దండ వేయాలి. వారం రోజులుగా కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమెకి దారి ఇస్తున్నారు.

పోలరాజు మైకు సంగతి చూడటానికి బయల్దేరాడు. తవిటమ్మ కూతురిని గుమ్మంలో కూర్చోబెట్టుకుని తలకి నూనె పెట్టసాగింది.

"ఓలే పద్మా, మీ మావ ఉత్తరం మరోపాలి సదవ్వే. సాయంత్రం అందరి ముందూ కూకోవాల. ఆడి మాటలు మనసులో ఉంటే కాళ్ళు వొణకవు."

తవిటమ్మకి చదువు రాదు. తల్లి పోయినప్పుడు ఆదిబాబుకి మూడేళ్ళు, ఆమెకి పదిహేను. అక్కని 'అప్పా' అని పిలిచే వాణ్ణి తన పెళ్ళయ్యేదాకా చంకనేసుకుని తిరిగింది. రక్తం ఉడకడం సంగతి ఆమెకి తెలియదు గానీ, ముద్ద దిగడం లేదన్న మాట దగ్గర మాత్రం ఆమె మనసు ఆగిపోతూనే ఉంది. వాడు జ్వరంలో కూడా గిన్నె ఖాళీ చేసేవాడు.

పద్మ దేవుడి పటం వెనక నుంచి ఉత్తరం తీసి చదవడం మొదలుపెట్టింది. అందరికీ నమస్కారాలు అయ్యాయి. వంతెనలు కట్టడం, బురదలోంచి లారీలు తీయడం, దగ్గర్లో శరణార్థుల క్యాంపు, అన్నీ అయ్యాయి. చివర సంతకం కూడా చదివేసింది.

"ఏటే, మద్దెలో ఒగ్గేసినావు?" అంది తవిటమ్మ. "రకతం ఉడికిపోతందన్న ముక్కేదీ?"

పద్మ కాగితం తిప్పి చూసింది. మళ్ళీ మొదటి నుంచి కళ్ళతో వెతికింది. "అమ్మా, ఇందులో అది లేదు."

"నేకపోడమేటి? మీ నాన సదివినాడు గదా! గోడ మీద నువ్వే రాసినావు గదా!"

"నాన్న చెప్పాడు, నేను రాశాను. ఉత్తరం నేనెప్పుడు చూశాను?" పద్మ కాగితం మడతపెట్టబోయి ఆగింది. "ఇంకోటి కూడా ఉందమ్మా. ఇప్పుడు చదవడానికి నోరు రాక వదిలేశాను. నాన్న నీకు చదివాడో లేదో తెలీదు."

"సదువు."

"'నెల రోజుల నుంచి బూట్లు ఆరలేదు. కాలివేళ్ళ సందుల్లో పుళ్ళు పడ్డాయి. యుద్ధం వస్తుందో రాదో మాకు ఎవరూ చెప్పరు. పేపర్లవాళ్ళకి తెలిసినంత కూడా మాకు తెలియదు. పంపిస్తే వెళ్తాం. ఈ జనం ఇళ్ళకి తిరిగి వెళ్ళాలంటే వేరే దారి లేదని మా సుబేదారు అంటాడు. నిజమే కావచ్చు. కానీ అప్పా, నాకు భయం వేస్తోంది. ఈ మాట ఇక్కడ ఎవరితోనూ అనలేదు. నీకు చెప్పుకుంటే తగ్గుతుందని రాస్తున్నాను. అన్నం మాత్రం బాగానే తింటున్నాను.'"

తవిటమ్మ చేతిలో దువ్వెన పద్మ జుట్టులోనే ఉండిపోయింది. తర్వాత ఉత్తరం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, రొంటిన దోపుకుంది.

పది దాటాక పోలరాజు రెండు బంతిపూల దండలతో వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "మైకు అదిరిపోతంది! ఏటి తవిటీ, ఇంకా సీర మార్సనేదా? నీలం సీర కట్టు, స్టేజీ మీద బాగుంటాది."

"నాను రాను," అంది తవిటమ్మ.

"రాకపోడమేటి?"

"నా తమ్ముడికి ముద్ద దిగట్నేదని నీకెవులు సెప్పినారు?"

పోలరాజు పద్మ వైపు చూశాడు. పద్మ తల దించుకోలేదు. ఆయన దండల్ని బల్ల మీద పెట్టి మంచం మీద కూర్చున్నాడు.

"రెండు ముక్కలు కలిపేను. రెండంటే రెండే. తవిటీ, ఆ ప్లాట్‌ఫారం మీద ముసిలోడిని నువ్వు సూడనేదు. అంతమంది నడిరోడ్డు మీద పడుంటే ఢిల్లీలో ఇంకా మాటలాడుకుంతన్నారు. ఇక్కడ మనోళ్ళు నా పేపరు సదివి, అయ్యో పాపం అని, బీడీ ఎలిగించుకొని ఎల్లిపోతన్నారు. జనం లేవాల. జనం అడిగితేనే పైవోళ్ళు కదుల్తారు. కాలి పుళ్ళ సంగతి రాత్తే ఎవులు లేత్తారు?"

"ఆళ్ళ కట్టం నువ్వు రాసినపుడల్లా పద్మ సేత సదివించుకొని ఏడిసినాను. అది నిజం గనక ఏడిసినాను. నువ్వు అనుకున్నది నీ పేరు మీద రాసుకో, ఎవులొద్దన్నారు? నా తమ్ముడు అననిది ఆడి నోట్లో ఎందుకు పెట్టినావు?"

"సిపాయి అంటేనే ఇంటారు. నానంటే ఎవులింటారు?"

"సరే. ఆడు బయమేత్తందన్నాడు గదా. అదెందుకు మింగేసినావు?"

పోలరాజు గొంతు తగ్గింది. "నీకు నిద్దర పట్టదని."

తవిటమ్మ అంతవరకూ గట్టిగా మాట్లాడలేదు. అప్పుడు మాత్రం ఆమె మాట వీధిలోకి వినబడింది. "నా తమ్ముడికి బయమేత్తే నాకు తెలవకపోతే ఇంకెవులికి తెలవాల? ఆడు నాకు సెప్పుకున్నాడు. నువ్వు మద్దెలో నిలబడి ఆ మాట నా దాకా రానివ్వనేదు. ఆడక్కడ బయపడతా ఉంటే, ఇక్కడ నాను దండేయించుకోడానికి వారం దినాలు కులుకుతన్నాను!"

గోడ అవతల పైడమ్మ ఇంట్లో మాటలు ఆగిపోయాయి.

"నాన్నా," అంది పద్మ మెల్లగా. "యుద్ధం రావాలనే నేనూ అనుకుంటున్నాను. వాళ్ళని అలా వదిలేయకూడదు. కానీ మనది సరైన మాటే అయితే, సచ్ సే కాహే కా డర్, నిజమంటే భయమెందుకు? మావ రాసింది రాసినట్టు రాస్తే మన మాట ఎందుకు తగ్గుతుంది? ఆ రెండు ముక్కలూ నా చేత్తో రాశాను. ఇప్పుడు ఆ బల్ల ముందు నుంచి నడవాలంటే సిగ్గేస్తోంది."

"సబకి జనం వచ్చీత్తారు. ఇపుడు నన్నేటి సెయ్యమంటారు?" పోలరాజు లేచి నిలబడ్డాడు.

"పేపరు నీది. నాను సెప్పీదేటుంది?" అని తవిటమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది.

ఆయన దండలు తీసుకుని, అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

నాలుగింటికి నది వైపు మైదానంలో నాలుగైదు వందల మంది చేరారు. వీరరాఘవులు గారు తెల్లటి పంచెలో, చేతిలో మడత పెట్టిన ఇంగ్లీషు పేపరుతో అరగంట మాట్లాడారు. ధర్మం గురించి, పౌరుషం గురించి చెప్పారు. ప్రతి వాక్యానికీ చప్పట్లు పడ్డాయి. "ఇప్పుడు మన వీర సైనికుడి మాటల్ని ఆయన బావగారే మనకి వినిపిస్తారు," అని కూర్చున్నారు.

పోలరాజు చుట్టిన గోడపత్రికతో మైకు ముందుకి వచ్చాడు. చుట్ట విప్పబోతూ తల ఎత్తితే, ఆడవాళ్ళ వెనక వరసలో తవిటమ్మ కనిపించింది. ఉదయం కట్టుకున్న పాత చీరే. పక్కన పద్మ. రానన్న మనిషి ఎందుకు వచ్చిందో ఆయనకి తెలియలేదు. నిజానికి ఆమెకీ తెలియదు. ఇరవై ఏళ్ళుగా ఆయన ఏది చదివినా ఆమె విన్నది, కాళ్ళు వాటంతటవే ఇటు నడిచాయి.

పోలరాజు చుట్ట విప్పలేదు.

"అందరికీ దండాలు," అన్నాడు. మైకు గీమంది. "గోడ మీద మీరు సదివిన ముక్క... ఆ రకతం ఉడకడం, ముద్ద దిగకపోడం... అది మా ఆదిబాబు రాయనేదు. నాను రాసినాను. ఆడి పేరెట్టి రాసినాను. తప్పయిపోనాది."

ఒకరిద్దరు నవ్వారు. వెనక నుంచి ఎవరో "ఏటీ?" అని అరిచారు. వీరరాఘవులు గారు ముందుకి వంగి, "పోలరాజుగారూ, ఇప్పుడు ఇవన్నీ అవసరమా?" అన్నారు.

"అవసరమేనండి," అన్నాడు పోలరాజు. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక అలాగే నిలబడిపోయాడు.

ఆడవాళ్ళ మధ్య దారి విడింది. తవిటమ్మ నడిచి వచ్చింది. మెట్లు ఎక్కి, రొంటిన ఉన్న ఉత్తరం తీసి, పక్కనే వచ్చిన కూతురికి కాకుండా భర్తకే ఇచ్చింది.

"నువ్వే సదువు. నువ్వు సదివితే ఇనడానికి బాగుంటాది," అంది. మైకు ఆ మాటని మైదానం అంతటికీ వినిపించింది.

పోలరాజు కళ్ళు తుడుచుకుని చదివాడు. ఒక్క అక్షరం వదల్లేదు. బూట్లు, పుళ్ళు, బురద అన్నీ చదివాడు. క్యాంపులో ఒక ముసలమ్మ ఆదిబాబుని చూసి రోజూ 'ఖోకన్' అని పిలుస్తుంది. అది ఆమె కొడుకు పేరు. మొదట్లో కాదని చెప్పేవాడు, ఇప్పుడు పలుకుతున్నాడు. 'ఒక రోజు ఆమెకి మన చారు కాచి పోశాను అప్పా. పులుపుకి ముఖం అష్టవంకరలు తిప్పింది. నన్ను బెంగాలీలో ఏవో తిట్లు తిట్టింది. మర్నాడు గిన్నె పట్టుకుని తనే వచ్చింది.' మైదానం ఘొల్లున నవ్వింది. ఆ నవ్వు ఇంకా సద్దుమణగకముందే భయం సంగతి వచ్చింది. జనం నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పోలరాజు చదవడం ఆపలేదు.

ముందు వరసలోంచి బస్తీ పెద్ద ముసలయ్య లేచాడు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం వైపు రోడ్లు వేసే కూలీల్లో పనిచేశాడు.

"మాకూ బయమేసింది," అన్నాడు మైకు లేకుండానే. "పైనించి ఇమానాలు ఎల్తా ఉంటే బురదలో బోర్లా పడుకొనీవోళ్ళం. ఇంటికొచ్చి ఎవులికీ సెప్పనేదు. ముప్పై ఏళ్ళయినాది. ఈ గుంటడు సెప్పినాడు. మంచి గుంటడు." కూర్చోబోయి మళ్ళీ లేచాడు. "ఆడి కాళ్ళకి ఏటి పంపుదుం మరి?"

ఆ ఒక్క ప్రశ్నతో సభ సభలా లేకుండా పోయింది. ఉన్ని మేజోళ్ళు అన్నారు ఒకరు. మందు అన్నారు ఇంకొకరు. పైడమ్మ లేచి, ఆ ముసలమ్మకి చింతపండు పంపాలంది. వాడొక్కడికేనా, వాడితో ఉన్నవాళ్ళకో అని ఎవరో అడిగారు. క్యాంపులో పిల్లలకి రగ్గులో అని ఇంకెవరో అందుకున్నారు. యుద్ధం సంగతి కూడా మాట్లాడుకున్నారు. వెళ్ళి తీరాలన్నవాళ్ళూ, ఇంకొంచెం ఆగి చూడాలన్నవాళ్ళూ ఒకరి మీద ఒకరు లేచి, చీకటి పడేదాకా వాదించుకున్నారు. వీరరాఘవులు గారు కాసేపు అయోమయంగా చూసి, చివరికి కుర్చీ దిగి వచ్చి, "రగ్గులు నేను సాక్చీ బజార్లో బేరం చేసి ఇప్పిస్తాను," అన్నారు. తెచ్చిన దండలు ఎవరి మెళ్ళోనూ పడలేదు. పిల్లలు పూలు తుంచుకుని ఆడుకున్నారు.

ఇంటికి నడుస్తూ పోలరాజు, "కోపం పోనాదా?" అన్నాడు.

"సగం పోనాది," అంది తవిటమ్మ. "అన్నం తిను. మిగతా సగం రేపు సూద్దుం."

మర్నాడు పద్మ ఉత్తరాన్ని పూర్తిగా, నీలం సిరాతో రాసి బల్ల మీద అంటించింది. కింద చిన్న అక్షరాలతో 'కిందటి వారం తప్పు మాది' అని తండ్రీ కూతురూ సంతకాలు చేశారు.

డిసెంబరు మూడో తేదీన యుద్ధం వచ్చింది. విమానాలకి దీపాలు కనబడకుండా బస్తీ కిటికీలకి నల్ల కాగితాలు పడ్డాయి. పత్రిక రోజూ రావడం మొదలైంది. రేడియో చెప్పింది రేడియో చెప్పిందనీ, వదంతి వదంతనీ, తను అనుకున్నది తన పేరు మీదా రాశాడు పోలరాజు. అంటించేముందు ప్రతిరోజూ తవిటమ్మకి చదివి వినిపించాడు. ఆమె పప్పు రుబ్బుతూనో, గిన్నెలు తోముతూనో వినేది. "ఇది నిజమేనా, నీ ఊహా?" అని అడిగేది. రెండుసార్లు ఆయన తెల్లముఖం వేసి, రాసిన ముక్క కొట్టేశాడు.

పదహారో తేదీన ఢాకాలో యుద్ధం ముగిసిందని రేడియో చెప్పగానే బస్తీ వీధిలోకి దూకింది. డోళ్ళు మోగాయి, రంగులు చల్లుకున్నారు. పోలరాజు ముసలయ్యని ఎత్తుకుని తిప్పాడు. తవిటమ్మ అందరికీ బెల్లం పంచింది గానీ తను నోట్లో వేసుకోలేదు. జనవరిలో ఆదిబాబు దగ్గర్నుంచి నాలుగు వాక్యాల కార్డు వచ్చిన రోజు మాత్రం, డబ్బాలో మిగిలిన బెల్లం అంతా తనే తినేసి, పద్మతో, "కడుపునొప్పొత్తే రానీ," అంది.

మార్చిలో ఆదిబాబు సెలవు మీద వచ్చాడు. టాటానగర్ స్టేషన్లో రైలు ఆగేసరికి సగం బస్తీ ప్లాట్‌ఫారం మీదే ఉంది. సన్నబడ్డాడు, నల్లబడ్డాడు, ఒక చెవికి సరిగ్గా వినబడటం లేదు. తవిటమ్మ వాణ్ణి కావలించుకుని, వదిలి, ముందు బూట్లు విప్పమంది. అంతమందిలో వాడు సిగ్గుపడుతూ బెంచీ మీద కూర్చుని విప్పాడు. ఆమె కాలివేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి చూసి, లెక్క సరిపోయినట్టు తల ఊపింది. వాడు వంగి ఆమె తల మీద గడ్డం ఆనించి ఏడ్చాడు. పోలరాజు వాళ్ళిద్దరికీ అడ్డంగా నిలబడి, జనం వైపు తిరిగి, "సామాన్లు పట్టండ్రా, సామాన్లు!" అని కసిరాడు.

ఇంటికొచ్చి, నాలుగు గిన్నెల అన్నం తిని పడుకున్నవాడు మర్నాడు మధ్యాహ్నానికీ లేవలేదు. బయట జనం చేరసాగారు. యుద్ధం ఎలా జరిగింది, ఎంతమందిని పట్టుకున్నారు, బాంబులు ఎంత దగ్గరగా పడ్డాయి, అన్నీ వాడి నోటి నుంచి వినాలని అందరికీ ఆత్రం. సంఘం కార్యదర్శి కూడా నోటు పుస్తకంతో వచ్చాడు.

పోలరాజు గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకి పెదవి మీద వేలు పెట్టి చూపించాడు.

"నిద్రోతన్నాడు. ఇపుడేటీ నేదు. ఎల్లండి."

"ఒక్క ముక్క సెప్పించు బావా! పేపర్లో రాయవా ఏటి?"

"రాయను. ఆడు లేచినాక, ఆడికి సెప్పాలనిపిత్తే సెప్తాడు. అనిపించకపోతే నేదు. ఎల్లండహె!"

పొయ్యి దగ్గర్నుంచి తవిటమ్మ చూస్తోంది. వార్త అన్నది చెవిన పడితే అన్నం ముందు నుంచి లేచిపోయే మనిషి, ఇంట్లోకే వచ్చి పడుకున్న వార్తకి కాపలా కూర్చుని జనాన్ని కోళ్ళని తోలినట్టు తోలుతున్నాడు. ఆమెకి మొదట చిన్నగా నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది, ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. పోలరాజు గబుక్కున వెనక్కి తిరిగి, "హుష్! లేచిపోతాడు," అన్నాడు కళ్ళు పెద్దవి చేసి.

దాంతో ఆమెకి నవ్వు మరీ ఎక్కువైంది. భుజాలు ఊగిపోతూ, కళ్ళవెంట నీళ్ళు కారిపోతూ వచ్చి ఆయన పక్కన గుమ్మంలో కూలబడింది. ఎందుకు నవ్వుతోందో పోలరాజుకి అర్థం కాలేదు. అయినా ఆయనకీ నవ్వొచ్చింది. లోపల ఆదిబాబు చిన్నగా గురక పెడుతున్నాడు. భార్యాభర్తలిద్దరూ చప్పుడు కాకుండా నోళ్ళు మూసుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నారు.